ఒంటికి చెయ్యి, నొప్పికి సూది

నడుము పట్టేశాక మర్దన గుర్తుకొస్తుంది. మందులన్నీ వాడి విసిగిపోయాక ఆక్యుపంక్చర్ గుర్తుకొస్తుంది. మొదటిదాన్ని పెళ్ళిరోజు కానుకగానో, కేరళ ప్రయాణంలో ఒక ముచ్చటగానో చూస్తాం. రెండోదాన్ని చివరి ఆశగా చూస్తాం. ఈ రెండు చూపులూ ఆ రెండు పద్ధతులకూ అన్యాయమే చేస్తున్నాయి. గత పాతికేళ్ళలో వీటి మీద జరిగిన పరీక్షలను వరసగా పెట్టుకుని చదివితే ఒక సంగతి తేటపడుతుంది. మర్దన ఎప్పుడో ఒకసారి చేయించుకుంటే మిగిలేది ఆ పూట హాయి మాత్రమే. దానికీ ఒక మోతాదు ఉంది, క్రమం తప్పకుండా చేస్తేనే అది నొప్పి మీద పనిచేస్తుంది. ఆక్యుపంక్చర్ అలా కాదు. కొన్ని రకాల నొప్పులకు, కొన్ని వారాల పాటు, ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకుని చేయించుకోవాల్సిన చికిత్స అది. మర్దన అలవాటు కావాలి, సూది కోర్సు కావాలి. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే ఒకదాన్ని విలాసమని పక్కన పెడుతున్నాం, రెండోదాని మీద అది మోయలేని ఆశలు పెట్టుకుంటున్నాం.

నొప్పి చిన్న విషయమేమీ కాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2050 నాటికి వాళ్ళు 84.3 కోట్లవుతారని అంచనా. మనుషుల్ని పనికి దూరం చేసే బాధల్లో మొదటి స్థానం దీనిదే. ఈ లెక్కలో మనవాళ్ళెవరో పోల్చుకోవడం కష్టం కాదు. బురదలో రోజంతా వంగి నాట్లు వేసే ఆడకూలీలు, గుంటూరు, ఖమ్మం చేలల్లో మిరపకాయలు కోసేవాళ్ళు, గుంట మగ్గంలో కాళ్ళు దించుకుని పొద్దస్తమానం కూర్చునే నేత కార్మికులు, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో తల వంచి బీడీలు చుట్టేవాళ్ళు, మాదాపూర్‌లో ల్యాప్‌టాప్ ముందు మెడ చాచి కూర్చునే కుర్రాళ్ళు. వీళ్ళలో చాలామందికి చేతికందే వైద్యం ఆర్‌ఎంపీ వేసే నొప్పి ఇంజెక్షన్, లేదంటే మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే డైక్లోఫెనాక్ బిళ్ళ. దాంతో ఆ పూటకు బాధ అణుగుతుంది, మర్నాడు పనికి పోవచ్చు. నెలల తరబడి అదే వాడితే కడుపులో పుళ్ళు పడొచ్చు, లోపల రక్తస్రావం కావచ్చు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. ఎండలో చెమటోడుస్తూ నీళ్ళు తక్కువ తాగేవాళ్ళకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మర్దన, సూదుల ప్రస్తావన డబ్బున్నవాళ్ళ తీరిక కబురు అని తోసేసేవాళ్ళు ముందు ఈ బిళ్ళల సంగతి ఆలోచించాలి. మందు అవసరం తగ్గించే దారులు ఏసీ గదుల్లో ఉన్నవాళ్ళకంటే వీళ్ళకే ఎక్కువ కావాలి.

మర్దనను అలవాటుగా చేసుకోవడం తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. పసిబిడ్డను చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, సున్నిపిండితో రుద్ది నీళ్ళు పోసేవారు. బాలింతకు ఒళ్ళు పట్టేవారు. పెళ్ళికి నలుగు, భోగికి, ఉగాదికి, నరక చతుర్దశికి తలంటు, మధ్యలో వారానికోసారి శుక్రవారమో శనివారమో ఒంటికి నువ్వుల నూనె. ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు వాగ్భటుడు అష్టాంగ హృదయంలో అభ్యంగనాన్ని దినచర్య అధ్యాయంలోనే పెట్టాడు. రోజూ చేసుకోవాలన్నాడు, తలకు, చెవులకు, అరికాళ్ళకు ముఖ్యంగా పట్టించాలన్నాడు. ఆ వెంటనే ఎవరు చేసుకోకూడదో కూడా చెప్పాడు: కఫ రోగం ఉన్నవాళ్ళు, ఒంటిని శుద్ధి చేసే శోధన చికిత్స అయినవాళ్ళు, అజీర్ణంతో బాధపడుతున్నవాళ్ళు. ఆ తర్వాత వ్యాయామం గురించి చెప్పాడు. అభ్యంగనం ముసలితనాన్ని దూరం చేస్తుందన్న ఆయన మాటను ఈనాడు రుజువుగా స్వీకరించలేం. కానీ మర్దనను నిద్ర, వ్యాయామం, స్నానాల వరసలో ఒకటిగా నిలబెట్టిన తీరు, ఎవరికి పనికిరాదో చెప్పిన జాగ్రత్త మాత్రం ఇప్పటి స్పా కరపత్రాల్లో కనపడవు.

మోతాదు గురించి ఆధునిక పరీక్షలు ఏం చెబుతున్నాయో చూద్దాం. అమెరికాలోని సియాటెల్ ప్రాంతంలో దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్న 401 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. మిగతా రెండింటికీ వారానికి ఒక గంట చొప్పున పది వారాల మర్దన. అందులో ఒక గుంపుకు నొప్పి ఉన్న కండరాల మీద గురిపెట్టి చేసేది, ఇంకో గుంపుకు ఒళ్ళంతా హాయిగా ఉండేలా చేసేది. 2011లో ఫలితాలు వచ్చాయి. నొప్పి బాగా తగ్గిందనో, పోయిందనో చెప్పినవాళ్ళు మామూలు వైద్యం పొందినవాళ్ళలో 4 శాతమైతే, మర్దన గుంపుల్లో మూడోవంతు కంటే ఎక్కువ. రెండు రకాల మర్దనకూ ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. ఆ మేలు ఆరు నెలల దాకా కనిపించి, ఏడాది తిరిగేసరికి చాలావరకు కరిగిపోయింది. 2014లో మెడ నొప్పి ఉన్న 228 మంది మీద జరిగిన మరో పరీక్ష మోతాదు లెక్కను ఇంకా సూటిగా తేల్చింది. అరగంట మర్దన వారానికి రెండు మూడుసార్లు చేసినా చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. గంటసేపు రెండు మూడుసార్లు చేసినవాళ్ళకు కనిపించింది. మోకాలి అరుగుదల ఉన్న 222 మంది మీద జరిగిన పరీక్ష మాత్రం ఉత్సాహానికి కళ్ళెం వేస్తుంది. వారానికో గంట చొప్పున ఎనిమిది వారాలు చేస్తే స్పష్టంగా మేలు జరిగింది. ఆ తర్వాత రెండు వారాలకోసారి కొనసాగించిన వాళ్ళకు ఆ మేలు నిలిచింది కానీ, ఏడాది చివర్లో మామూలు వైద్యం పొందినవాళ్ళతో పోలిస్తే అదనంగా మిగిలిందేమీ లేదు.

ఈ మూడింటినీ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది. మర్దన మేలు నిజమైనది, మధ్యస్థమైనది, నిల్వ ఉండనిది. నిల్వ ఉండదు కాబట్టే మళ్ళీ మళ్ళీ కావాలి. ఏడాదికి రెండుసార్లు ఖరీదైన స్పాకి వెళ్ళడానికి ఏ పరీక్షలోనూ ఆధారం లేదు. అదే సమయంలో సియాటెల్‌లో పనిచేసిన మోతాదు వారానికో గంట, అంటే ఇంచుమించు మన ఇళ్ళలో తలంటుకు పట్టే సమయం. అక్కడ మర్దన చేసినవాళ్ళు శిక్షణ పొందినవాళ్ళు, ఇంట్లో చేసే చెయ్యి అలాంటిది కాదు అనొచ్చు. నిజమే. కానీ కండరాల లెక్క తెలిసి చేసిన మర్దనకూ, మామూలుగా హాయినిచ్చే మర్దనకూ ఫలితంలో పెద్ద తేడా రాలేదంటే, ఇంటి చేతికి కూడా కొంత శక్తి ఉందని ఊహించడం తొందరపాటు కాదు. ఇది నా అనుమానమే తప్ప రుజువు కాదు. అయితే ఇందులో పోయేదేమీ లేదు, ఖర్చు నూనె మాత్రమే.

మర్దన ఒంట్లోని విషాలను బయటికి తోసేస్తుందని, కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని కడిగేస్తుందని విరివిగా ప్రచారం జరుగుతోంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వ్యాయామం చేసి అలసిన యువకుల తొడ కండరం నుంచి చిన్న ముక్కలు తీసి 2012లో ఈ సంగతి తేల్చారు. మర్దన చేసిన కాలిలో లాక్టిక్ ఆమ్లం తగ్గనే లేదు. కానీ వాపును రేపే సంకేతాలు తగ్గాయి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా తయారీకి సంబంధించిన సంకేతాలు పెరిగాయి. పరీక్ష చిన్నది, 11 మంది మీదే చేశారు. అయినా ప్రచారం తప్పు కావచ్చు, పని నిజం కావచ్చు అని అది చూపించింది. నొప్పి వైపు నుంచి చూస్తే, దెబ్బ తగలగానే ఆ చోటును రుద్దుకోవడం అందరూ చేసేదే. రుద్దినప్పుడు చర్మం నుంచి వెళ్ళే స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డం పడతాయని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన సిద్ధాంతం నొప్పి శాస్త్రాన్నే మలుపు తిప్పింది. తర్వాత స్వీడన్ శాస్త్రవేత్తలు ఇంకో సంగతి కనిపెట్టారు. వెంట్రుకలున్న చర్మంలో ఒక రకం సన్నని నరాలు నెమ్మదైన నిమురుడికే బాగా స్పందిస్తాయి, సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంలో. అంతకంటే హడావిడిగా రుద్దితే వాటి స్పందన తగ్గుతుంది. బిడ్డను జోకొట్టే తల్లి చెయ్యి ఆ వేగాన్ని ఎవరూ నేర్పకుండానే పట్టుకుంటుంది.

ఆక్యుపంక్చర్ మన దేశానికి ఒక యుద్ధం దారిన వచ్చింది. జపాన్ దాడిలో ఉన్న చైనాకు సాయంగా 1938లో ఐదుగురు భారతీయ వైద్యులు వెళ్ళారు. వాళ్ళలో కోట్నీస్ పేరు అందరికీ తెలుసు. ఆయన అక్కడే ప్రాణం విడిచాడు. అదే బృందంలోని బెంగాలీ వైద్యుడు బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చి, 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు. అందుకే ఆక్యుపంక్చర్‌కు ప్రత్యేక చట్టం ముందుగా 1996లో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది, ఆ తర్వాత మహారాష్ట్రలో. కేంద్రం 2003లో దీన్ని చికిత్సా పద్ధతిగా అనుమతించి, 2019లో స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది. ప్రపంచానికి దీని మీద మోజు పుట్టించింది మాత్రం ఒక పత్రికా కథనం. న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కు 1971 జులైలో పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. అది మామూలు మత్తుమందుతోనే జరిగింది. సూదులు గుచ్చింది ఆ తర్వాత, కడుపు ఉబ్బరం బాధకు. ఆయన అలాగే రాశాడు కూడా. కానీ సూదులతోనే కడుపు కోసి కుట్టారన్న కథ లోకమంతా పాకింది. ఈ విద్య మీద మోయలేని ఆశలు పెట్టడం ఆనాడే మొదలైంది.

ఇక అసలు అభ్యంతరం దగ్గరికి వద్దాం: ఇదంతా నమ్మకం మహిమ కాదా? జర్మనీలో దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్న 1,162 మంది మీద జరిగి, 2007లో వెలువడిన పరీక్ష ఈ ప్రశ్నను సూటిగా ముందుకు తెచ్చింది. ఒక గుంపుకు శాస్త్ర ప్రకారం సూదులు గుచ్చారు. ఒక గుంపుకు ఆక్యుపంక్చర్ బిందువులు కాని చోట్ల, పైపైన గుచ్చారు. మూడో గుంపుకు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత మేలు పొందినవాళ్ళు వరసగా 47.6 శాతం, 44.2 శాతం, 27.4 శాతం. ఉత్తుత్తి సూదికీ అసలు సూదికీ తేడా దాదాపు లేదు, కాబట్టి ఇది బూటకం అని కొందరంటారు. రెండు సూదులూ మామూలు వైద్యాన్ని చాలా దూరం దాటేశాయి కదా అని ఇంకొందరంటారు. రెండు మాటల్లోనూ నిజముంది, ఒకటి పట్టుకుని ఇంకొకటి వదిలేయడమే తప్పు. 39 పరీక్షల్లోని 20,827 మంది రోగుల వివరాలను ఒక్కొక్కటిగా కలిపి 2018లో చేసిన విశ్లేషణ ఈ తగాదాను కొంత తేల్చింది. అసలు సూదికి ఉత్తుత్తి సూది మీద ఆధిక్యం ఉంది, కానీ చిన్నది. సూదే లేని వైద్యం మీద ఆధిక్యం మధ్యస్థంగా ఉంది. ఆ మేలులో ఏడాది తర్వాత కూడా చాలా భాగం నిలిచింది. చాలా పరీక్షల్లో ఉత్తుత్తి సూది కూడా చర్మాన్ని గుచ్చేదే కాబట్టి అది ఏ పనీ చేయని చక్కెర బిళ్ళ లాంటిది కాదు. రోగి ప్రశాంతంగా పడుకోవడం, వైద్యుడు అరగంట శ్రద్ధ పెట్టడం, చర్మానికి కలిగే చిన్న గాయం, వీటన్నిటి ఫలితం కలిసే వస్తుంది. అయితే ఫలానా శక్తి మార్గం (మెరిడియన్) మీద ఫలానా బిందువులోనే రహస్యమంతా ఉందన్న వాదన మాత్రం ఈ పరీక్షల ముందు బలహీనపడింది. ఆ సంగతి ఒప్పుకోవడం ఆక్యుపంక్చర్‌కు అవమానం కాదు.

ఈ పద్ధతిని వాడుకుంటున్న దేశాలు దాన్ని ఎలా వాడుతున్నాయో గమనిస్తే కోర్సు అన్న మాట ఎందుకన్నానో తెలుస్తుంది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలపు నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ ఖర్చు ఇస్తోంది: 90 రోజుల్లో 12 సార్లు. గుణం కనిపిస్తే ఇంకో 8. కనిపించకపోతే ఆపేయాలి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మైగ్రేన్ రాకుండా ఉండటానికి 5 నుంచి 8 వారాల్లో 10 సార్లు వరకూ పరిశీలించొచ్చని 2012లో చెప్పింది. అదే సంస్థ 2016లో నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దంది. 2021లో, వేరే కారణం తేలని దీర్ఘకాలపు నొప్పికి ఇవ్వొచ్చంది. ఒకే సంస్థ రెండు విధాలుగా చెప్పిందని ఎగతాళి చేయొచ్చు. నాకు మాత్రం అది ఒక్కో జబ్బుకు ఒక్కో లెక్క చూసే నిజాయితీగా కనిపిస్తుంది. మన దగ్గర కొన్ని చోట్ల షుగర్, థైరాయిడ్, పక్షవాతం, సంతానలేమి అన్నిటికీ ఒకే బల్ల మీద, ఎన్ని నెలలో చెప్పకుండా సూదులు గుచ్చుతున్నారు. సంతానం సంగతే చూడండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఐవీఎఫ్ చేయించుకుంటున్న 848 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో, బిడ్డ పుట్టినవాళ్ళు అసలు సూది గుంపులో 18.3 శాతం, ఉత్తుత్తి సూది గుంపులో 17.8 శాతం. అది తేడా కాదు. బిడ్డ కోసం అప్పులు చేసి వచ్చే దంపతులకు ఈ అంకెలు ముందే చెప్పడం కనీస ధర్మం. బీపీకో షుగర్‌కో వాడుతున్న మందు ఆపేయమనే చోట సూది గుచ్చించుకోకూడదు.

వ్యాయామం చేస్తే చాలదా, ఇవన్నీ ఎందుకు అన్నది మరో ప్రశ్న. నడుం నొప్పికి దీర్ఘకాలంలో కదలికను మించిన ఆధారం దేనికీ లేదు, దాంట్లో సందేహం పెట్టుకోనక్కరలేదు. కానీ నొప్పితో వంగలేని మనిషికి వ్యాయామం చెయ్యమని చెబితే చెయ్యలేడు. ఆ మొదటి వారాల్లో నొప్పి కాస్త సడలించి మనిషిని కదలికలోకి దించడానికే మర్దనా, సూదీ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో కొత్తగా వచ్చిన నడుం నొప్పికి బిళ్ళ కంటే ముందు వేడి కాపడం, మర్దన, ఆక్యుపంక్చర్ చూడమంది. ముదిరినదానికి వ్యాయామాన్ని, దాని పక్కనే ఆక్యుపంక్చర్‌ను చేర్చింది. మర్దన చేయించుకుని మళ్ళీ కుర్చీలో కూలబడితే మాత్రం ఆ గంట వృథా.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే. మర్దన అలవాటు మన ఇళ్ళలో ఎందుకు నిలిచింది, ఎందుకు పోయింది? అది నిలిచింది ఆడవాళ్ళ చేతుల మీద, మంత్రసానుల, మంగలి, చాకలి కుటుంబాల చేతుల మీద. కోడలు అత్తగారి కాళ్ళు పట్టింది, కోడలి కాళ్ళు పట్టినవాళ్ళు లేరు. పసిబిడ్డకు నూనె పట్టిన మనిషికి ముట్టింది మానెడు బియ్యం, పాత చీర. ఆ చేతుల్లో ఉన్నది నైపుణ్యమని ఎవరూ అనలేదు. ఇందుకు భిన్నంగా, జపాన్‌లో 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు సూదిని నొప్పి లేకుండా దించడానికి సన్నని గొట్టం కనిపెట్టాడు, అంధులకు సూది వైద్యం, మర్దన నేర్పే బడులు పెట్టించాడు. ఈనాడు ఎన్నో క్లినిక్కుల్లో సూదితో పాటు వచ్చే ప్లాస్టిక్ గొట్టం ఆయన ఆలోచనే. స్పర్శను విద్యగా గౌరవించిన సమాజంలో అది సాధ్యమైంది. మన పాత అలవాటును తిరిగి తెచ్చుకోవాలంటే పాత అసమానతను తెచ్చుకోనక్కరలేదు. భర్త భార్యకు ఒళ్ళు పట్టాలి, ఎదిగిన పిల్లలు తల్లికి పట్టాలి. బయటినుంచి వచ్చి చేసే మనిషికి తగిన కూలి, గౌరవం దక్కాలి. స్పాల మీద పోలీసు దాడుల వార్తలు చదివి మర్దన అంటేనే ముఖం చిట్లించే పద్ధతి కూడా చివరికి అక్కడ నిజాయితీగా పనిచేసే స్త్రీల బతుకుల మీదే పడుతోంది.

జాగ్రత్తలు తెలియకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. ఒక పిక్క మాత్రమే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అక్కడ రుద్దకూడదు. లోపల రక్తం గడ్డ కట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. సెలూన్లో మెడను టకామని విరవనివ్వకూడదు. మెదడుకు వెళ్ళే రక్తనాళాలు చిరిగే ప్రమాదం నిజమైనదే. తల వెనక్కి వాల్చి గట్టిగా వంచినా ముప్పే. 2022లో హైదరాబాద్‌లో బ్యూటీ పార్లర్లో తలస్నానం చేయిస్తుండగా ఒక మహిళకు పక్షవాతం లక్షణాలు వచ్చిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. నడుం నొప్పితో పాటు కాళ్ళు తిమ్మిరెక్కి బలహీనపడినా, మూత్రం అదుపు తప్పినా, జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ముందు డాక్టర్ దగ్గరికే. సూదుల విషయంలో ప్రతిసారీ కొత్త సూది, కళ్ళ ముందే విప్పిన ప్యాకెట్ కావాలి. ఛాతీ మీద, భుజం మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కాబట్టి వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు. రక్తాన్ని పలచన చేసే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఐదున్నరేళ్ళ బీఎన్‌వైఎస్ ప్రకృతి వైద్య కోర్సులో మర్దన, ఆక్యుపంక్చర్ రెండూ పాఠ్యాంశాలే. అలాంటి వైద్యులను ఎంచుకుని, మొదటి రోజే మూడు ప్రశ్నలు అడగాలి: నా బాధకు ఎన్నిసార్లు, ఎన్ని వారాలు, ఎప్పటికి గుణం లేకపోతే ఆపేద్దాం?

ఈ మూడో ప్రశ్నకు సమాధానం చెప్పగల వైద్యులను ప్రభుత్వమే ఊళ్ళకు పంపొచ్చు. తెలంగాణలో పల్లె దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు ఉన్నాయి. నొప్పి బిళ్ళలు ఎక్కువ పోయే ఊళ్ళు ఏవో అక్కడి నర్సులకూ ఆశా కార్యకర్తలకూ తెలుసు. అలాంటి ఊళ్ళలో వారానికో రోజు నొప్పి రోజుగా పెట్టి, ఒక ఫిజియోథెరపిస్టును, ఒక ప్రకృతి వైద్యుణ్ణి కూర్చోబెట్టి, వ్యాయామం, ఇంటి మర్దన నేర్పి, అవసరమైనవాళ్ళకు పది పన్నెండుసార్ల సూదుల కోర్సు ఇచ్చి, ఆర్నెల్ల తర్వాత బిళ్ళల వాడకం తగ్గిందో లేదో లెక్క తీయొచ్చు. తగ్గకపోతే ఆపేయొచ్చు. మొదలుపెట్టడానికి పోచంపల్లి, మంగళగిరి మగ్గాల వీధులు ఉన్నాయి, మిరప కోతలయ్యాక గుంటూరు పల్లెలు ఉన్నాయి.